కొన్నది మనం, తాళం వాళ్లది

మా బాబాయ్ పాతికేళ్లు అమెరికాలో ఉండి, పోయినేడాది హైదరాబాదు తిరిగొచ్చేశాడు. సామానంతా ఓడలో వచ్చింది. అందులో ఒక అట్టపెట్టె నాకు అప్పజెప్పి "నువ్వు కంప్యూటర్ ఇంజనీరువి కదరా, ఇవి ఆడేట్టు చూడు" అన్నాడు. విప్పి చూస్తే ఒక నల్లటి ప్లేయరు, ఇరవై రెండు హెచ్‌డి డివిడిలు, పదిహేను దాకా బ్లూ-రే డిస్కులు, ఓ నలభై మామూలు డివిడిలు. అన్నీ డబ్బు పెట్టి కొన్నవే. కొన్ని కవర్లలో బిల్లులు కూడా మడత పెట్టి ఉన్నాయి. ఆయన అలాంటి మనిషి. పైరసీ సీడీ ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు.

ఇదేం పెద్ద పని, ఒక గంటలో అయిపోతుందనుకున్నాను. రెండు ఆదివారాలు పట్టింది.

ముందు కరెంటు. అది 120 వోల్టుల ప్లేయరు. కోఠి గుజరాతీ గల్లీకి పోయి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కొనుక్కొచ్చా. ఇందులో ఎవరి తప్పూ లేదు లెండి, అమెరికా కరెంటు అంతే. తర్వాత హెచ్‌డిఎంఐ కేబుల్ పెట్టి టీవీకి కలిపితే బొమ్మ రాదు, నల్ల తెర. ముందు టీవీ, ఆ తర్వాత ప్లేయరు, సరిగ్గా ఆ వరుసలో ఆన్ చేస్తే వచ్చింది. ఇక డివిడిలు. నా పాత లాప్‌టాప్‌లో పెడితే ఇది ఒకటో రీజియన్ డిస్కు, నీ డ్రైవు ఐదో రీజియన్‌లో ఉంది, మార్చమంటావా అని అడిగింది. అలా ఐదుసార్లు మాత్రమే మార్చొచ్చట. ఐదోసారి ఏది పెడితే అదే శాశ్వతం. బ్లూ-రేలు పట్టుకుని పక్క ఫ్లాట్ ఆయన ఇంటికి పోతే, ఆయన ఇక్కడ కొన్న ప్లేయరు వాటిలో చాలావాటిని తోసిపుచ్చింది. అమెరికా రీజియన్ ఎ, మనది రీజియన్ సి. ఏ గొడవా లేకుండా ఆడినవి ఒకే రకం: అక్కడి ఇండియన్ కిరాణా కొట్లో బాబాయ్ కొన్న తెలుగు సినిమా డివిడిలు. వాటి మీద ఆల్ రీజియన్స్ అని రాసుంది.

ఈ తిప్పలన్నీ పడుతుంటే పై ఫ్లోరులో ఉండే ఇంటరు కుర్రాడు వచ్చి కాసేపు వింతగా చూశాడు. "ఎందుకన్నా ఇంత కష్టం, ఈ సినిమాలన్నీ టెలిగ్రామ్‌లో ఉంటాయిగా" అన్నాడు. డబ్బిచ్చి కొన్నవాడికి రెండు ఆదివారాలు, పైసా ఇవ్వనివాడికి ఇరవై నిమిషాలు! ఇదెలా జరిగింది? 2006లో, అంటే నేను మూడో నాలుగో క్లాసు చదివే రోజుల్లో, హెచ్‌డి సినిమాని ఇంటింటికీ తెస్తామని బయల్దేరిన పెద్ద పెద్ద కంపెనీలు ఏం చేశాయి? అప్పట్నుంచీ దొరికిందల్లా చదివాను. ఆ చరిత్రే ఇది.

* * *

సినిమావాళ్లకీ మన ఇంట్లో ఉండే యంత్రానికీ పడకపోవడం కొత్తేం కాదు. వీసీఆర్ వచ్చినప్పుడే హాలీవుడ్ కోర్టుకెక్కింది. టీవీలో వచ్చే కార్యక్రమాన్ని తర్వాత చూసుకోడానికి రికార్డు చేసుకోవడం తప్పు కాదని 1984లో అమెరికా సుప్రీంకోర్టు సోనీ పక్షాన తీర్పు చెప్పింది, అదీ 5-4 తేడాతో. తమాషా చూడండి, ఆ రోజు జనం తరఫున నిలబడ్డ సోనీ తర్వాత తానే స్టూడియో కొనుక్కుని, తాళాలు చేసే గుంపులో చేరింది.

కోర్టులో ఓడినవాళ్లు టెక్నాలజీని నమ్ముకున్నారు. 1985లో మాక్రోవిజన్ వచ్చింది. టేపులోని సిగ్నల్‌లో చిన్న తిరకాసు పెడితే టీవీకి తేడా తెలియదు కానీ, రికార్డు చేసే వీసీఆర్ తికమకపడి బొమ్మని ఒకసారి వెలిగిస్తుంది, ఒకసారి మసకబారుస్తుంది.

తర్వాత డివిడి. 1996 నవంబరులో జపాన్‌లో, 1997లో అమెరికాలో. దానికి సీఎస్ఎస్ అనే 40 బిట్ల తాళం వేశారు. దాన్ని 1999 అక్టోబరులో విరిచారు. డీసీఎస్ఎస్ అనే చిన్న ప్రోగ్రామ్ బయటికొచ్చింది, అందులో భాగస్వామి నార్వేకి చెందిన యోన్ యోహాన్సెన్, వయసు పదిహేనేళ్లు. అప్పట్లో లినక్స్ వాడేవాళ్లకి డివిడి చూసుకునే దారే లేదు. కొనుక్కున్న డిస్కు కొనుక్కున్న కంప్యూటర్లో ఆడదు. అతని మీద కేసు పెట్టారు. 2003 జనవరిలో కింది కోర్టు, అదే ఏడాది డిసెంబరులో పై కోర్టు, నిర్దోషి అన్నాయి. తన డిస్కు తను చూసుకోవడం దొంగతనం ఎలా అవుతుందన్నది అక్కడి సారాంశం.

ఇక్కడొక విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. డివిడి తాళం 1999లోనే విరిగింది. డివిడి వ్యాపారం ఆకాశాన్నంటింది మాత్రం ఆ తర్వాతే. తాళం విరిగితే సినిమా పరిశ్రమ మునిగిపోతుందన్న లెక్క అక్కడే తప్పింది.

ఇదే కాలంలో ఇంకో ప్రయోగం కూడా జరిగింది. 1998లో అమెరికాలో సర్క్యూట్ సిటీ అనే ఎలక్ట్రానిక్స్ షాపులవాళ్లు డివ్ఎక్స్ అనే పద్ధతి తెచ్చారు. నాలుగున్నర డాలర్లకి డిస్కు మీది. కానీ మొదటిసారి చూసిన దగ్గర్నుంచి 48 గంటలే ఆడుతుంది. మళ్లీ చూడాలంటే మళ్లీ డబ్బు. ప్లేయరు ఫోన్ లైను మీద కంపెనీకి ఫోన్ చేసి లెక్కలు చెప్పేది. జనం ఛీ కొట్టారు. 1999 జూన్‌లో మూసేశారు, 2001లో సర్వర్లు కూడా ఆపేశారు. ఆ తర్వాత ఆ డిస్కులు కాఫీ కప్పు కింద పెట్టుకోడానికే. పాతికేళ్ల కింద జనం ఛీ కొట్టిన ఆ పద్ధతి ఇవాళ మనందరి ఇళ్లలోనూ ఉంది, దాని సంగతి చివర్లో.

* * *

సీఎస్ఎస్ దెబ్బతో స్టూడియోలు ఒక పాఠం నేర్చుకున్నాయి, నా ఉద్దేశంలో తప్పు పాఠం. తాళం చిన్నదైంది కాబట్టి విరిగింది, ఈసారి పెద్దది వేద్దాం అనుకున్నాయి. సరిగ్గా అప్పుడే హెచ్‌డి వచ్చింది.

మామూలు డివిడిలో ఒక పొరకి 4.7 జీబీ పడుతుంది. హెచ్‌డి డివిడిలో 15, బ్లూ-రేలో 25. తోషిబా ఒకవైపు, సోనీ ఇంకోవైపు. ఇద్దరూ కూర్చుని ఒకే పద్ధతి పెట్టుకోడానికి 2005లో చర్చలు జరిగాయి, కుదర్లేదు. 2006 ఏప్రిల్‌లో అమెరికాలో మొదటి హెచ్‌డి డివిడి ప్లేయరు 499 డాలర్లకి వచ్చింది. జూన్‌లో మొదటి బ్లూ-రే ప్లేయరు 999 డాలర్లకి. ఆ ఏడాది నవంబరులో ప్లేస్టేషన్ 3 వచ్చింది, 499, 599 డాలర్ల రెండు రకాలు. అందులో 499ది తయారు చేయడానికే 800 డాలర్ల పైన అవుతోందని ఐసప్లై అనే సంస్థ అంచనా వేసింది. అంటే బ్లూ-రేని ఇళ్లలోకి దూర్చడానికి సోనీ ఒక్కో పెట్టె మీద చేతి డబ్బు పోగొట్టుకుందన్నమాట.

మన ఇంజనీర్లకి నచ్చే ముచ్చట ఒకటి. తోషిబా మొదటి ప్లేయరు మూత విప్పితే లోపల ఒక పెంటియం 4, ఒక జీబీ ర్యామ్, దాని మీద లినక్స్. డివిడి ప్లేయరు వేషం వేసుకున్న పీసీ! బటన్ నొక్కాక అది బూట్ అయ్యి సినిమా మొదలయ్యేలోపు టీ పెట్టుకోవచ్చు.

ధర అంటే ప్లేయరు ధరొక్కటే అయితే బాధ లేదు. కొత్త వస్తువు మొదట్లో ఖరీదుగానే ఉంటుంది, తర్వాత దిగుతుంది. అసలు ఖర్చు పక్కన దాక్కునుంది. ఒకటి, రెండు పద్ధతుల గొడవ. ఒక స్టూడియో సినిమా ఇందులోనే, ఇంకో స్టూడియోది అందులోనే. అన్నీ కావాలంటే రెండు ప్లేయర్లూ కొనాలి. రెండు, మొదటి బ్లూ-రే ప్లేయర్లన్నీ ప్రొఫైల్ 1.0. 2007 నవంబరు తర్వాత వచ్చేవాటికి 1.1, ఇంటర్నెట్ ఉన్నవాటికి 2.0. వెయ్యి డాలర్లు పోసి ముందుగా కొన్నవాడి యంత్రం ఏడాదిన్నరకే పాతబడింది. మూడోది టీవీ, అన్నిటికంటే పెద్దది. దీనికి తాళంతో నేరుగా సంబంధం ఉంది.

అమెరికాలో హెచ్‌డి టీవీలు 1998 నుంచే అమ్ముతున్నారు. మొదట్లో కొన్నవాళ్ల టీవీల్లో హెచ్‌డిఎంఐ లేదు, కాంపొనెంట్ అనే ఎరుపు, పచ్చ, నీలం వైర్ల అనలాగ్ దారే ఉండేది. అనలాగ్ దారిలో తాళం ఉండదు కాబట్టి స్టూడియోలకి ఆ దారి నచ్చలేదు. అందుకని కొత్త తాళంలో ఒక ఏర్పాటు పెట్టారు. స్టూడియో తల్చుకుంటే డిస్కులో ఒక చిన్న గుర్తు పెట్టొచ్చు. ఆ గుర్తుంటే ప్లేయరు అనలాగ్ దారిలో బొమ్మని 960×540కి కుదించి పంపాలి. 1920×1080లో అది సరిగ్గా నాలుగో వంతు. డబ్బు హెచ్‌డికి, బొమ్మ పావు వంతు! మొదట్లో స్టూడియోలు ఆ గుర్తు వాడకుండా ఊరుకున్నాయి, కానీ కత్తి మాత్రం తల మీద వేలాడుతూనే ఉంది. చివరికి 2010 తర్వాత తయారైన ప్లేయర్లలో ఈ సినిమాలు అనలాగ్‌లో మామూలు డివిడి స్థాయి దాటకూడదని, 2013 తర్వాత తయారైనవాటిలో అనలాగ్ దారే ఉండకూడదని నిబంధన పెట్టారు.

మా బాబాయ్ 2003లో మంచి ఖరీదు పెట్టి కొన్న పెద్ద హెచ్‌డి టీవీలో కాంపొనెంట్ మాత్రమే ఉండేదట. 2007 నవంబరులో ఒక షాపులో హెచ్‌డి డివిడి ప్లేయర్లు వంద డాలర్ల లోపుకి పెడితే లైన్లో నిలబడి కొన్నాడు. ఆ తర్వాత, రేపు ఆ గుర్తు పెడితే ఎలా అని టీవీ కూడా మార్చేశాడు. "వంద డాలర్ల బేరం చివరికి పదిహేను వందలకి తేలిందిరా" అని ఇప్పుడు నవ్వుతాడు. పిన్ని మాత్రం నవ్వదు.

మరి అదే సమయంలో మన దగ్గరేం జరుగుతోంది? మోజర్ బేర్ అనే కంపెనీ సినిమా హక్కులు కొని, ఒరిజినల్ వీసీడీలు 28 రూపాయలకి, డివిడిలు 34 రూపాయలకి అమ్మడం మొదలెట్టింది. కిరాణా కొట్లో, మందుల షాపులో కూడా వేలాడుతుండేవి. మా నాన్న జీతం వచ్చిన రోజు రెండు తెచ్చేవాడు. వీసీడీకి అసలు తాళమే లేదు. పైరసీ సీడీ ధరకే ఒరిజినల్ ఇస్తే జనం ఒరిజినలే కొంటారన్నది వాళ్ల పందెం. అప్పుడు ఇక్కడ ప్లేస్టేషన్ 3 దాదాపు 40 వేలు. మన ఇళ్లలో బ్లూ-రేకి చోటెక్కడ? ఆ కంపెనీ తర్వాత అప్పుల్లో కూరుకుపోయింది, 2018లో లిక్విడేషన్‌కి వెళ్లింది. కాబట్టి చవగ్గా అమ్మితే చాలు అన్నీ సర్దుకుంటాయని నేననను. కానీ దొంగతనానికి ధరతో జవాబు చెప్పడం, తాళంతో జవాబు చెప్పడం, ఈ రెండు దారులూ ఒకే ఏడాది ప్రపంచంలో రెండు మూలల్లో నడిచాయని చెప్పడానికే ఈ మాట.

* * *

ఇక ఆ కొత్త తాళం. పేరు ఏఏసీఎస్. దాన్ని తయారు చేసిన గుంపులో ఐబీఎం, ఇంటెల్, మైక్రోసాఫ్ట్, పానాసోనిక్, సోనీ, తోషిబా, డిస్నీ, వార్నర్ ఉన్నారు. ఇంత హేమాహేమీలు చేసింది ఎలా ఉంటుందో అని చదివితే, నిజం చెప్పాలంటే ముచ్చటేసింది.

వీలైనంత సులువుగా చెప్తాను. సినిమా ఏఈఎస్ 128 బిట్లతో ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటుంది. ప్రతి ప్లేయరులోనూ కొన్ని రహస్య తాళంచెవులు ఉంటాయి. డిస్కు మీద మీడియా కీ బ్లాక్ అని ఒక పట్టీ ఉంటుంది. ప్లేయరు తన చెవులతో ఆ పట్టీని విప్పితే ఇంకో తాళంచెవి వస్తుంది, దానితో ఇంకోటి, అలా చివరికి సినిమా తెరుచుకుంటుంది. గొప్పతనమంతా ఆ పట్టీలో ఉంది. లక్షల ప్లేయర్ల చెవులని ఒక చెట్టు కొమ్మల్లా అమర్చారు. ఏదైనా ప్లేయరు రహస్యం బయటపడిందనుకోండి, ఆ కొమ్మకి అందకుండా కొత్త పట్టీ రాసి ఇకముందు వచ్చే డిస్కుల మీద వేస్తారు. మిగతా ప్లేయర్లకి ఏ ఇబ్బందీ ఉండదు, దొరికిపోయిన ప్లేయరు మాత్రం కొత్త డిస్కులు ఆడలేదు. సీఎస్ఎస్‌లో లేని సౌకర్యం ఇదే.

డిజైన్ బావుంది. కానీ ఎవరి నుంచి కాపాడుతున్నాం అన్న మొదటి ప్రశ్నలోనే తిరకాసుంది. బ్యాంకు వెబ్‌సైటులో మీరూ బ్యాంకూ మిత్రులు, మధ్యలో వినేవాడు శత్రువు. ఇక్కడ సినిమా చూడాల్సినవాడూ మీరే, చూడకూడని శత్రువూ మీరే! తాళం మీ ఇంట్లో, తాళంచెవి మీ ఇంట్లో, పెట్టె మీ ఇంట్లో. చెవి మీకు కనపడకూడదు, కానీ మీ ఇంట్లోనే ప్రతిరోజూ తాళం తియ్యాలి. ఎంత పెద్ద తాళమైతే మాత్రం ఇదెలా నిలబడుతుంది?

నిలబడలేదు. 2006 డిసెంబరులో, మొదటి ప్లేయరు వచ్చిన ఎనిమిది నెలలకి, మజ్లిక్స్64 అనే మారుపేరుతో ఒకతను హెచ్‌డి డివిడి సినిమాని విప్పే ప్రోగ్రామ్ బయటపెట్టాడు. ఏఈఎస్‌ని ఎవరూ విరగ్గొట్టలేదు. కంప్యూటర్లో సినిమా ఆడే సాఫ్ట్‌వేర్ నడుస్తుండగా మెమరీలో చూస్తే తాళంచెవి అక్కడే ఉంది, అంతే. అతనికి ఆ పని చేయాల్సిన అవసరం ఎందుకొచ్చిందో తెలుసా? డ్రైవు కొన్నాడు, సినిమా కొన్నాడు, మంచి మానిటరూ ఉంది. కానీ అతని గ్రాఫిక్స్ కార్డుకి హెచ్‌డిసిపి లేదని సాఫ్ట్‌వేరు సినిమా ఆడనంది. కొన్నవాడి కోపంలోంచి పుట్టిన పని అది.

హెచ్‌డిసిపి అంటే ప్లేయరుకీ టీవీకీ మధ్య వైరు మీద వేసే ఇంటెల్ తాళం. నా మొదటి ఆదివారం నల్ల తెర గుర్తుందిగా, ఆ తాళపు కుశలప్రశ్నలు సరిగ్గా జరక్కపోతే అలాగే అవుతుంది. దాని బలహీనతలు 2001లోనే పరిశోధకులు చెప్పారు. నీల్స్ ఫెర్గూసన్ అనే క్రిప్టోగ్రాఫరు తను కనిపెట్టింది ప్రచురిస్తే అమెరికా చట్టం కింద కేసు పెడతారేమోనని దాచిపెట్టేశాడు. 2010లో దాని మూల తాళంచెవే నెట్లోకి వచ్చేసింది, ఇంటెల్ కూడా అది నిజమైనదేనని ఒప్పుకుంది.

మళ్లీ ఏఏసీఎస్‌కి వద్దాం. 2007 ఫిబ్రవరిలో అర్నెజామి అనే ఇంకో మారుపేరు మనిషి, అప్పటిదాకా వచ్చిన డిస్కులన్నిటికీ పనికొచ్చే ఒక చెవి పట్టుకున్నాడు. పదహారు బైట్ల సంఖ్య. ఏప్రిల్‌లో ఆ సంఖ్యని తీసెయ్యమని వెబ్‌సైట్లకి నోటీసులు వెళ్లాయి. మే 1న డిగ్ అనే సైటు ఆ సంఖ్య ఉన్న లింకులు తొలగిస్తే వాడకందార్లు తిరగబడి సైటంతా ఆ సంఖ్యతోనే నింపేశారు, ఆ రాత్రికి యాజమాన్యమే చేతులెత్తేసింది. ఒక సంఖ్యని రాయకూడదనడం ఎంత హాస్యాస్పదమో ప్రపంచమంతా చూసింది. ఇటు ఆ ముచ్చటైన రద్దు పద్ధతి కూడా ప్రయోగించారు. ఫలితం? డబ్బిచ్చి ప్లేయర్ సాఫ్ట్‌వేరు కొన్నవాళ్లు అప్‌డేట్ చేసుకోకపోతే హెచ్‌డి సినిమాలు ఆడవన్నారు. అదే మే నెలలో, కొత్త పట్టీ ఉన్న డిస్కులు షాపులకి రాకముందే, దాని చెవీ బయటికొచ్చేసింది. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు, ఆ మొరగడం కూడా ఇంటివాళ్ల మీదే.

బ్లూ-రే వాళ్లు బీడీ ప్లస్ అని పైన ఇంకో తాళం వేశారు. డిస్కులోనే చిన్న ప్రోగ్రామ్, ప్లేయరులో దాన్ని నడిపే వర్చువల్ మెషీన్. పదేళ్లదాకా దీనికి ఢోకా లేదని ఒక విశ్లేషకుడు 2007 జూలైలో చెప్పాడు. అక్టోబరులో ఆ తాళం ఉన్న మొదటి సినిమాలు వస్తే కొన్ని కంపెనీల ప్లేయర్లలో సరిగా ఆడక జనం ఫర్మ్‌వేర్ కోసం ఎదురుచూశారు. నవంబరులో దాన్ని విప్పే సాఫ్ట్‌వేరు అమ్మకానికొచ్చింది. అత్త మీద కోపం దుత్త మీద అంటారే, అలా పైరేటు మీద కోపం ప్రతిసారీ కొనేవాడి మీద పడింది.

చివరికి 2008 జనవరిలో వార్నర్ పూర్తిగా బ్లూ-రే వైపు దూకింది. ఫిబ్రవరి 19న తోషిబా హెచ్‌డి డివిడిని ఆపేస్తున్నామంది. మా బాబాయ్ ప్లేయరు కొని అప్పటికి మూడు నెలలు. కొన్న సినిమాని ఇంట్లో ఒక కాపీ చేసుకునే సౌకర్యం ఇస్తామని మొదట్నుంచీ ఊరించారు, మేనేజ్డ్ కాపీ అని దాని పేరు. 2009లో ఒప్పందంలో రాశారు కానీ జనం చేతికి నిజంగా వచ్చింది లేదు.

* * *

ఇదంతా పాత కథ అనుకుంటున్నారా? 2016లో 4కె బ్లూ-రే వచ్చింది, ఏఏసీఎస్ 2తో. కంప్యూటర్లో అధికారికంగా ఆడించాలంటే ప్రాసెసరులో ఎస్‌జిఎక్స్ అనే ఇంటెల్ విభాగం ఉండాలన్నారు. ఆ తర్వాత 11, 12 తరాల కోర్ ప్రాసెసర్ల నుంచి ఇంటెల్ ఆ విభాగాన్నే తీసేసింది. అంటే కంప్యూటర్ కొత్తదైతే సినిమా ఆడదు, పాతదైతే ఆడుతుంది! ఇలాంటి డిపెండెన్సీ మన ప్రాజెక్టులో పెడితే డిజైన్ రివ్యూలోనే తిట్లు తింటాం.

ఇక స్ట్రీమింగ్. వైడ్‌వైన్ ఎల్1 లేని ఫోనులో హెచ్‌డి ప్లాను డబ్బులు కట్టినా మసక బొమ్మే వస్తుందని మనవాళ్లలో చాలామందికి అనుభవమే. అయినా జనం ఊరుకున్నారు, ఎందుకంటే బటన్ నొక్కితే సినిమా వస్తోంది. పైరసీని ఎంతో కొంత తగ్గించింది ఈ సౌకర్యమే, తాళం కాదు. కానీ దాని వెనకాలే పాత డివ్ఎక్స్ తిరిగొచ్చింది. హాలీవుడ్ స్టూడియోలే కలిసి 2011లో మొదలెట్టిన అల్ట్రావయొలెట్ అనే డిజిటల్ బీరువా 2019 జూలైలో మూతబడింది. వేరే దుకాణాలకి ఖాతా కలుపుకున్నవాళ్లు బతికారు, మిగతావాళ్ల పని అంతే. ఆఖరికి కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి ఒక చట్టం అమల్లోకి వచ్చింది. డిజిటల్ వస్తువుని అమ్మేటప్పుడు, నువ్వు కొంటున్నది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా కొనండి అన్న మాట వాడకూడదట. కొనడం అన్న మాటకి చట్టం అర్థం చెప్పాల్సిన రోజొచ్చింది చూడండి.

నాణ్యత సంగతీ ఉంది. మామూలు బ్లూ-రేలో వీడియో సెకనుకి 40 మెగాబిట్ల దాకా వెళ్లొచ్చు. 4కె స్ట్రీమింగుకి 15 మెగాబిట్ల కనెక్షన్ చాలని నెట్‌ఫ్లిక్సే చెప్తుంది. కోడెక్‌లు మెరుగయ్యాయి, నిజమే. అయినా ఇంట్లో చూడగలిగే మంచి బొమ్మ ఇప్పటికీ డిస్కులోనే ఉంది. దాన్ని కొనేవాడినే ఇరవై ఏళ్లు విసిగించి తరిమేశారు.

అవతలివాళ్ల బాధ లేదనను. సినిమా తీసినవాడి డబ్బు నిజమైన డబ్బే. 2013 సెప్టెంబరులో అత్తారింటికి దారేది విడుదలకి కొన్ని రోజుల ముందే సగం సినిమా బయటికొచ్చేసినప్పుడు మా హాస్టల్‌ కుర్రాళ్లం కూడా అయ్యో అనుకున్నాం. కానీ ఆ కాపీ ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎవడో డిస్కు తాళం విరిచి తీసింది కాదు, అప్పటికి డిస్కే లేదు. సినిమా పనిలో ఉన్నవాళ్ల చేతుల మీదుగానే పోయిందని పోలీసులు చెప్పారు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఏఏసీఎస్ ఏం పడుతుంది? అంత జరిగినా ఆ సినిమా బ్రహ్మాండంగా ఆడింది, చూడాలనుకున్నవాళ్లు హాలుకే వెళ్లారు.

చట్టం సంగతి కూడా చెప్పి ముగిస్తాను. అమెరికాలో 1998 నాటి డిఎంసీఏ ప్రకారం సొంత డిస్కు తాళం తీసుకున్నా చిక్కే. మన దగ్గర 2012లో కాపీరైట్ చట్టానికి 65ఎ సెక్షను చేర్చారు. హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం విరిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. చట్టం వద్దనని పని కోసం అయితే వేరే సంగతి. అంటే తాళం విరిచావా అని కాక ఎందుకు విరిచావు అని అడుగుతుంది. నేను లాయర్ని కాదు కానీ, ఈ ఒక్క విషయంలో మన చట్టమే తెలివైనదనిపించింది.

మొన్న బాబాయ్‌కి లెక్క అప్పజెప్పాను. హెచ్‌డి డివిడిలకి రీజియన్ గొడవ లేదు, ఆ ప్లేయరు బతికినన్నాళ్లు ఆడతాయి. అది పోతే కొత్తది ఎక్కడా తయారు కాదు. డివిడిల కోసం లాప్‌టాప్‌లో ఒక మార్పు ఖర్చు పెట్టాను, నాలుగున్నాయి. బ్లూ-రేలకి అమెరికా ప్లేయరు ఇంకోటి తెప్పించాలి. ఆయన అంతా విని "అయితే ఇవి నేను కొన్నట్టా, అద్దెకి తెచ్చుకున్నట్టా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. మనలో చాలామంది ఇలాంటి తాళాలు రాసే కంపెనీల్లోనే పని చేస్తున్నాం. లైసెన్స్ చెక్ ఫెయిలైతే ఏం చెయ్యాలన్న కోడు మనమే రాస్తాం. పోయిన నెల మా టీములో అలాంటిదే ఒకటి వచ్చింది: సర్వరు దొరక్కపోతే యాప్ ఆగిపోవాలా, నడవాలా అని. ఇదివరకైతే ఆగిపోవాలి అని రాసి వెళ్లిపోయేవాణ్ణి. ఈసారి నడవాలి అని వాదించాను. మేనేజరు ఇంకా ఒప్పుకోలేదు, వచ్చే వారం మళ్లీ మీటింగుంది. మీరైతే ఏం రాస్తారు?